రాయిలో వచ్చిన చుట్టం

మేస్త్రికి చెవుడొచ్చిందన్న సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు, ఒక్క మేస్త్రికి తప్ప.

దుకాణాలకి ఇనప షట్టర్లు చేసి బిగించే పని ఆయనది. పొద్దున్నే షెడ్డు తెరిచింది మొదలు సాయంత్రం మూసేదాకా రేకు మీద సుత్తి, ఇనుము మీద గ్రైండరు. మధ్య మధ్యలో బిగించిన షట్టరు సరిగా దిగుతోందో లేదో చూడటానికి పైనుంచి కిందికి దడదడా లాగడం ఒకటి. మీసాలు రాకముందు మొదలైన మోత అది. అన్నేళ్ళ మోతకి ఏ చెవులు మాత్రం నిలబడతాయి? పోతే పోయాయి, ఒక్కసారిగా పోయినా తెలిసొచ్చేది. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. చెంచా కిందపడిన చప్పుడు, వాకిట్లో సైకిలు బెల్లు, వాన తొలి చినుకులు. మనిషి గొంతు వినబడేది కానీ మాటలన్నీ ముద్దగా వచ్చి పడేవి. "ఏమిటే ఆ గొణుగుడు? నోరు తెరిచి చెప్పి చావకూడదూ!" అని పెళ్ళాన్నే విసుక్కునేవాడు. పాపం ఆవిడ అప్పటికే పక్కవీధికి వినబడేట్టు చెప్పి ఉండేది.

ఆయన గీరకి ఓ కారణం కూడా ఉంది. షట్టరు పైన గుండ్రటి పైపు ఉంటుంది, దాని కడుపులో స్ప్రింగు. అది ఎక్కడ తెగిందో బయటికి కనబడదు. మేస్త్రి నిచ్చెనెక్కి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని పైపుకి ఆనించి, పిడిని తన చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, కళ్ళు మూసుకునేవాడు. కింద నుంచి ఎవరైనా షట్టరుని కాస్త కదిపితే చాలు, "ఇదిగో, ఇక్కడ" అని సుద్దముక్కతో గీత గీసేవాడు. చెవిలోంచి రాని చప్పుడు ఎముకలోంచి వచ్చేది. మరి ఇంత సూక్ష్మం పట్టే మనిషిని పట్టుకుని చెవుడంటే ఒళ్ళు మండదూ?

ఇంట్లో ఉండేది ముగ్గురు. మేస్త్రి, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు. పిల్లలు కలగలేదు. ఆవిడ ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలోవాళ్ళ బట్టలు కుట్టేది. తమ్ముడు స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను నడిపేవాడు. అమ్మా నాన్నా పోయాక అక్క దగ్గరికి వచ్చి, వెనక గదిలో మంచం వేసుకుని, అక్కడే పెద్దవాడైపోయాడు. పెళ్ళి మాటెత్తితే, "బావకి వినబడేట్టు అరిచి అరిచి నీ గొంతు బొంగురుపోయింది చాలక్కా, ఇంకో ఆడపిల్ల గొంతు కూడా పాడుచెయ్యాలా?" అనేవాడు.

బావా బావమరుదులన్నాక వేళాకోళాలు మామూలే. వీళ్ళవి మాత్రం శ్రుతి మించినవి. "మా బావ చెవులు బంగారం. అరిగిపోతాయని వాడకుండా దాచుకున్నాడు" అని వాడు వీధి వీధంతా చెప్పుకుని తిరిగేవాడు. అదే మాట ఇంకెవరైనా అంటే మేస్త్రి సుత్తి పుచ్చుకుని లేచేవాడే. వాడంటే మాత్రం పొట్ట పట్టుకుని నవ్వేవాడు. వాడు కావాలనే వెనక నుంచీ, పక్కగదిలోంచీ, నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు మాట్లాడేవాడు. ఈయన ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేవాడు. ఆ రభసంతా అయ్యాక ఇద్దరూ ఒకే పళ్ళెంలోంచి పల్లీలు తింటూ కూర్చునేవాళ్ళు. మేస్త్రికి రోజంతటిలోకీ ఇష్టమైన వేళ అదే. ఆ మాట ఆయన ఎప్పుడూ పైకి అనలేదు, అదో పాడు అలవాటు.

ఇక ఈ చేపల పిచ్చి ఎలా పట్టుకుందంటే, రంగు చేపలమ్మే దుకాణానికి షట్టరు బిగించడానికి వెళ్ళి, అక్కడ ఉప్పునీళ్ళ ట్యాంకులో సముద్రపు చేపల్ని చూసి నిచ్చెన మీదే ఉండిపోయాడు. అద్దం వెనక అంత లోకం తిరుగుతోంది, అందులో ఎవ్వరూ గొణగడం లేదు! ఆ నెలలోనే ఇంటికో ట్యాంకు వచ్చింది. దానికి ఇనప స్టాండు తనే వెల్డింగు చేసుకున్నాడు. ఏనుగెక్కినా ఊగదు. అందులోకి చారల చేపలు రెండు, నీలం చేప ఒకటి, తోక చివర చిన్న చిరుగున్న పసుపు చేప ఒకటి, అద్దానికి పట్టిన పాచి తినే నత్తలు కొన్ని వచ్చాయి. సాయంత్రం షెడ్డు నుంచి రాగానే కాళ్ళు కడుక్కోవడం, ట్యాంకు ముందు బల్ల వేసుకోవడం. పక్కన బావమరిది. "బావా, ఆ నీలం చేప నీ వంకే చూస్తోంది, ఏదో అడుగుతోంది, కాస్త జవాబు చెప్పు" అని వాడు సాగదీసేవాడు.

కొన్నాళ్ళకి మేస్త్రికి ట్యాంకు బోసిగా అనిపించింది. సముద్రంలోంచి తీసిన రాళ్ళు చేపల దుకాణంలో దొరుకుతాయి. నిండా కన్నాలూ, ఊదా రంగు పాచీ, వెంట్రుకల్లాంటి పురుగులూ ఉండి, రాయే ఊపిరి తీస్తున్నట్టుంటుంది. మేస్త్రి ఒకటి ఎంచాడు. పక్కన గుండ్రంగా బొటనవేలు పట్టేంత కన్నం ఉందని అదే ముద్దొచ్చింది. బావమరిది గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, తూకం వేస్తూ చేపలాయన చెప్పాడు.

"మేస్త్రిగారూ, దీన్ని తిన్నగా ట్యాంకులో పెట్టకండి. కొన్నాళ్ళు బకెట్లో ఉప్పునీళ్ళలో విడిగా ఉంచి చూడండి. ఈ కన్నాల్లో ఏమేం నక్కి ఉంటాయో మాకే తెలీదు."

మేస్త్రి తలూపాడు. వినబడని ప్రతి మాటకీ తలూపడం ఆయనకి ఎప్పుడు అలవాటైందో ఆయనకే తెలియదు. మళ్ళీ చెప్పమని అడిగితే చెవుడని ఒప్పుకున్నట్టు కాదూ! తడి కాగితాల్లో చుట్టిన రాయిని ఒళ్ళో పెట్టుకుని వ్యానులో ఇంటికొచ్చాడు. నడుపుతూనే బావమరిది అన్నాడు.

"బావా, ముందు బకెట్లో పెట్టమన్నాడు."

"తూకం దగ్గరున్నది నేనా నువ్వా? నాకు చెప్పొచ్చావు!"

వాడు నవ్వి ఊరుకున్నాడు. ఇంటికి రాగానే మేస్త్రి చొక్కా చేతులు పైకి మడిచి, రాయిని తిన్నగా ట్యాంకులో దించేశాడు. రాయి బ్రహ్మాండంగా కుదిరింది. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత మొదలైంది అసలు తంటా. ముందు నత్తలు తగ్గాయి. ఇసక మీద గుల్లల ముక్కలు కనిపించాయి. తర్వాత చారల చేప ఒకటి మాయం. ట్యాంకు వెనకా, స్టాండు కిందా వెతికారు, ఎగిరి పడిందేమోనని. పొలుసు కూడా దొరకలేదు. మరి కొన్నాళ్ళకి రెండోది. బావమరిది పొద్దున్న పిల్లల్ని దింపేసి వచ్చి మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉండేవాడు. చేపలకి మేత వేసేదీ వాడే. ఒకరోజు పల్లీల దగ్గర చెప్పాడు.

"బావా, నీ ట్యాంకులో ఎవడో వడ్రంగి కాపరం పెట్టాడు. మధ్యాహ్నమంతా ఠక్కు ఠక్కుమని మేకులు కొడుతున్నాడు."

"అద్దెంతిస్తున్నాడ్రా?" అన్నాడు మేస్త్రి.

"నవ్వులాట కాదు బావా, నిజం. ఆ రాయిలోంచే వస్తోంది చప్పుడు."

"అయితే రేపటి నుంచి మన షెడ్డుకి రమ్మను. మనిషి తక్కువగా ఉన్నాడు."

మర్నాడు వాడు మళ్ళీ చెప్పాడు. కానీ వాడి నోరు ఊరుకుంటుందా? "వడ్రంగి ఈవేళ మంచం చేస్తున్నట్టున్నాడు" అన్నాడు. నిజం చెప్పేటప్పుడైనా ఆ ఎకసెక్కం మానితే బాగుండేది. మేస్త్రి నవ్వుతూనే ఒకసారి ట్యాంకు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టి విన్నాడు. పంపు గురగుర తప్ప ఏమీ వినబడలేదు. వచ్చి కూర్చున్నాడు. ఈసారి నవ్వు కాస్త తగ్గింది. తన చెవుల మీద వేళాకోళం ఆడటానికే ఇదంతా అల్లుతున్నాడని అనిపించింది. ఎన్నాళ్ళుగానో నవ్వుతూ మింగిన మాటలన్నీ ఎక్కడో అడుగున పేరుకుని ఉన్నాయేమో మరి.

పసుపు చేప కూడా పోయిన వారంలోనే, మేస్త్రి చేపల దుకాణానికి ఎదురుగా ఓ బట్టలకొట్టుకి షట్టరు బిగిస్తున్నాడు. నిచ్చెన మీంచి చూస్తే బావమరిది వ్యాను వచ్చి చేపల దుకాణం ముందు ఆగింది. వాడు దిగాడు. చేతిలో మూతపెట్టిన డబ్బా. లోపలికి వెళ్ళాడు. ఆ పక్కనే లారీ ఒకటి వచ్చి అడ్డంగా ఆగడంతో మిగతాది కనబడలేదు. పని ముగించుకుని మేస్త్రి ఆ దుకాణంలోకి వెళ్ళాడు. గల్లా దగ్గర చేపలాయన లేడు. మూల ట్యాంకులో పసుపు చేప ఒకటి తిరుగుతోంది. తోక చివర చిరుగు. మేస్త్రి ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేది వినబడుతుందో లేదో అన్న భయం ఆయనకి ఎప్పుడూ ఉండేదే. తిన్నగా ఇంటికి వచ్చేశాడు.

వాడు అన్నం తింటున్నాడు. అక్క ఎదురుగా కూర్చుని బొత్తాములు కుడుతోంది.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా. దొంగచాటుగా అమ్ముకోవడం ఎందుకు?" అన్నాడు మేస్త్రి.

"ఏమిటి బావా?"

"చేపలు."

వాడు అదీ వేళాకోళమే అనుకున్నాడు. "ఓ, అదా! అమ్మేశాగా. వచ్చిన డబ్బుతో విమానం కొన్నా, పిల్లల్ని రేపట్నుంచి అందులోనే తీసుకెళ్తా" అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"నవ్వకు! డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళడం నా కళ్ళారా చూశాను. పైగా చప్పుళ్ళంటూ కథలొకటి. వీడికి వినబడదు కదా, ఏది చెప్పినా చెల్లుతుందనేగా నీ ధైర్యం!"

వాడి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో మేస్త్రి నోటి వెంట తనకి వినబడదన్న మాట రావడం అదే మొదటిసారి. వాడు అక్క వంక చూశాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుంది. ఇటు మొగుడు, అటు తమ్ముడు, ఏమంటుంది? ఏదైనా అని ఉండాల్సిందని తర్వాత ఆవిడ ఎంత ఏడ్చిందో.

"నేను తియ్యలేదు బావా" అన్నాడు వాడు.

మెల్లగా అన్నాడు. మేస్త్రికి వినబడలేదు. వినబడనట్టు ముఖం పెట్టకుండా, అలవాటు కొద్దీ తలూపాడు. ఒప్పుకున్నావన్నమాట అన్నట్టుగా ఉంది ఆ తలూపడం. వాడు లేచి పళ్ళెం తనే కడిగి బోర్లించాడు. మర్నాడు పొద్దున్న వ్యానులో తన పెట్టె పెట్టుకుని పిల్లల్ని ఎక్కించుకోవడానికి వెళ్ళినవాడు, మధ్యాహ్నం తిరిగి రాలేదు.

రెండు మూడు రోజుల్లో వస్తాడులే అనుకున్నాడు మేస్త్రి. రాలేదు. పల్లీల పళ్ళెం అటక ఎక్కింది. ఇంట్లో ఇద్దరే మిగిలితే మాట్లాడుకోవడానికేముంది? ఆవిడ మిషను తొక్కేది, ఈయన ట్యాంకు చూసేవాడు. చేపల్లో మిగిలింది నీలం చేప ఒక్కటే. దొంగ పోయాడు కాబట్టి ఇదైనా దక్కుతుందని మనసులో ఓ మూల అనుకున్నాడు కూడా. ఛీ, ఏం మనిషో!

సెలవు రోజు మధ్యాహ్నం. పొద్దున్న కనబడిన నీలం చేప కనబడలేదు. మేస్త్రి కుర్చీ తెచ్చి వేసుకుని మూలమూలా వెతికాడు. ఇసక మీద నీలం తోక ముక్క ఒకటి ఉంది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో. బావమరిది ఇంట్లో లేడు. మేత వేసింది తను. తలుపు తీసింది తను. మరి చేప ఏమైనట్టు?

"ఏమండీ" అని భార్య భుజం తట్టి, చేత్తో ట్యాంకు వంక చూపించి గట్టిగా చెప్పింది. "ఏదో కొడుతోంది అందులో. ఇన్నాళ్ళూ నా మిషను సూదే ఎక్కడో తగులుతోందేమో అనుకున్నాను. ఇప్పుడు మిషను ఆపే ఉంది కదా. అయినా కొడుతోంది."

మేస్త్రి పనిసంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. మొన ట్యాంకు అద్దానికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్ళు మూసుకున్నాడు. ముందు పంపు గురగుర. దాని వెనక నుంచి, ఠక్. కాసేపాగి మళ్ళీ, ఠక్ ఠక్. అచ్చం మేకు మీద సుత్తి పడినట్టు. తను జన్మంతా విన్న చప్పుడే.

"వడ్రంగి" అన్నాడు మేస్త్రి. అని, స్క్రూడ్రైవరు అలాగే చెవికి పెట్టుకుని ఏడ్చాడు.

ఆ సాయంత్రం కన్నం ముందు మిగిలిన ఒక్క నత్తని పెట్టి కాపలా కాశారు ఇద్దరూ. ముందు రెండు కళ్ళు వచ్చాయి. కాడల మీద నిలబడి, ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగే కళ్ళు. తర్వాత ఒళ్ళు. రొయ్యలాగానే ఉంది కానీ ఏ రొయ్యకున్నాయి ఆ రంగులు! ఆకుపచ్చ వీపు, నీలం అంచులు, ఎర్రటి కాళ్ళు, ముందు చేతుల పక్కన చిరుతపులి మచ్చలు. నత్తని దగ్గరికి లాక్కుని చేత్తో ఒక్కటి పీకింది. గుల్ల పగిలిన ముక్క ఎగిరి అద్దానికి తగిలింది.

"మాంటిస్ ష్రింపండీ. మేం గుద్దుడు రొయ్య అంటాం" అన్నాడు చేపలాయన, మర్నాడు వచ్చి చూసి. "రాయిలో చిన్నదిగా వచ్చి, మీ చేపల్ని తిని పెద్దదైంది. అందుకేగా బకెట్లో ఉంచమన్నది! మీరు తలూపారు కదా?"

మేస్త్రి ఆయన్ని ముఖానికి ఎదురుగా నిలబెట్టి రెండోసారి చెప్పించుకుని విన్నాడు. తర్వాత ఆ తోక చిరిగిన పసుపు చేప సంగతి అడిగాడు.

"అదా? అది మొదట్నుంచీ మా చేపేనండీ, మా ట్యాంకులో పెద్ద చేప కొరికింది. ఈ జాతికి అది మామూలే" అన్నాడు చేపలాయన. "అన్నట్టు మీ బావమరిది కనబడ్డం లేదేం? మీ ట్యాంకుకి మా దగ్గర శుద్ధిచేసిన ఉప్పునీళ్ళు డబ్బాతో పట్టుకెళ్ళేవాడు. బావ అలిసిపోయి వస్తాడండీ, ఆయన మొయ్యలేడు అనేవాడు."

వంటింటి గుమ్మం పక్కన ట్యాంకుకి పోసే నీళ్ళ డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండేది. ఎవరు నింపుతున్నారో మేస్త్రి ఏనాడూ అడగలేదు. ఇప్పుడు చూస్తే అది వట్టిదై, అడుగున తెల్లటి చార కట్టి ఉంది.

"దీన్ని నేను పట్టుకుపోతాను లెండి. ఇంట్లో ఉంచితే ఏదో ఒకనాడు అద్దం కూడా పగలగొడుతుంది" అన్నాడు చేపలాయన.

"వద్దు. ఇది ఉండాలి. వాడికి చూపించాలి" అన్నాడు మేస్త్రి.

ఇదిగో, ఇక్కడ చేశాడు మేస్త్రి రెండో తప్పు. అప్పటికప్పుడు లేచి వెళ్ళి, ఒరేయ్ తప్పయిపోయిందిరా అని వాడి చెయ్యి పట్టుకోవాల్సింది. వాడు ఎక్కడున్నాడో భార్యకి తెలుసు. పెట్రోలు బంకు వెనక అద్దె గదిలో ఉన్నాడు, ఈయన షెడ్డులో ఉన్నప్పుడు అక్కాతమ్ముళ్ళు ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేస్త్రి మాత్రం లేవలేదు. ఏం మాట్లాడక్కర్లేకుండా వాడు వచ్చి ఈ రొయ్యని చూస్తే చాలు, అంతా అదే చెబుతుంది, తను పక్కన నిలబడితే సరిపోతుంది అనుకున్నాడు. చెప్పాల్సిన మాట చేపల ట్యాంకు చేత చెప్పిద్దామనుకున్నాడు మహానుభావుడు.

దాంతో రొయ్యకి రాజభోగం పట్టింది. అద్దానికి లోపల మందపాటి ప్లాస్టిక్ పలక దించాడు. దానికి నత్తలు, చిన్న చిన్న పీతలు తెచ్చాడు. గూడుకి ప్లాస్టిక్ గొట్టం ముక్క ఇసకలో పాతాడు. రాయి వదిలేసి అది గొట్టంలోకి మారింది. నీళ్ళ డబ్బా తనే మోసుకొచ్చేవాడు, చెయ్యి మార్చుకుంటూ, మధ్యలో దించుకుంటూ. అది ఎంత బరువో అప్పుడు తెలిసింది. ఇంకాస్త పెద్దదవనీ, రంగు ఇంకాస్త తేలనీ, అప్పుడు పిలుద్దాం అని భార్యకి చెప్పేవాడు. ఆవిడ ఆయన ముఖంలోకి ఓసారి చూసి మిషను తొక్కడం మొదలుపెట్టేది.

ఒకసారి మాత్రం వెళ్ళాడు. స్కూలు విడిచే వేళకి రోడ్డుకి ఇవతల నిలబడ్డాడు. వ్యాను గేటు పక్కన ఉంది. వాడు తలుపు పట్టుకుని ఒక్కో పిల్లనీ ఎక్కిస్తూ ఏదో అంటున్నాడు. పిల్లలు విరగబడి నవ్వుతున్నారు. ఏమంటున్నాడో మేస్త్రికి వినబడదు. పెదాలు కదలడం, పిల్లల పళ్ళు కనబడటం, అంతే. ఇలా దాటితే అలా వాడి ముందుంటాడు. రోడ్డు మీద బండ్లు కూడా లేవు. వాడు తనని చూడగానే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని భయమేసింది. వెనక్కి తిరిగి వచ్చేశాడు.

వెళ్ళాల్సింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ రోడ్డు తలుచుకున్నాడో.

ఇలా వాయిదాలు వేస్తూ ఉండగా ఒకరోజు పొద్దున్న ట్యాంకు దగ్గరికి వెళ్తే, ఇసక మీద రొయ్య వెల్లకిలా పడి ఉంది. కళ్ళూ కాళ్ళూ అన్నీ ఉన్నాయి, కదలిక లేదు. "పోయిందే! వాడికింకేం చూపిస్తాను?" అని వంటింట్లోకి కేకపెట్టాడు. షెడ్డు తెరవకుండానే చేపలాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన గరిటెతో దాన్ని తీసి వెలుగులో పెట్టాడు. లోపల ఏమీ లేదు, వట్టి డొల్ల.

"చావలేదండీ, పాత ఒళ్ళు వదిలింది. అదుగో, గొట్టానికి రాళ్ళు అడ్డం పెట్టుకుని లోపల కూర్చుంది. కొత్త ఒళ్ళు గట్టిపడేదాకా బయటికి రాదు" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణంతో పాటు బుద్ధి కూడా వచ్చింది. ఇది ఇవాళ కాకపోతే రేపు పోతుంది. తను కూడా పోతాడు. "వాణ్ణి రమ్మనవే" అన్నాడు భార్యతో. అని, సిగ్గుపడి, "నేను రమ్మన్నానని చెప్పు" అని కూడా అన్నాడు.

రొయ్య కొత్త ఒంటితో బయటికి వచ్చాక, ఓ సెలవు రోజు వాడు వచ్చాడు. మేస్త్రి పొద్దున్నే గడ్డం గీసుకుని, ట్యాంకు అద్దం తుడిచి, అటక మీంచి పళ్ళెం దించి పల్లీలు పోసి ఉంచాడు. వాడు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డాడు.

"బాగున్నారా బావగారూ?" అన్నాడు. ముఖానికి ముఖం ఎదురుగా పెట్టి, గట్టిగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు. మేస్త్రికి ప్రతి అక్షరం వినబడింది. ఇన్నేళ్ళలో వాడి మాట అంత శుభ్రంగా ఎప్పుడూ వినబడలేదు. ఏనాడూ నువ్వు అనే తప్ప పిలవనివాడు, ఎప్పుడూ వెనక నుంచి గొణిగేవాడు.

బల్ల మీద చోటున్నా అక్కడ కూర్చోలేదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ గుమ్మం పక్కన ఉంటుంది, దాని అంచు మీద కూర్చున్నాడు. మేస్త్రి కూడగట్టుకుని మొదలుపెట్టాడు.

"నువ్వు చెప్పిందే నిజంరా. చప్పుడు ఉంది. నాకే వినబడలేదు. నాకు చెవుడురా. తప్పంతా నాదే, నిన్ను అనరాని మాటన్నాను."

అనేశాడు. రొయ్య చెబుతుందనుకున్నదంతా చివరికి తనే చెప్పాడు. చెప్పి వాడి ముఖం వంక చూశాడు. ఇప్పుడు అంటాడు, ఇప్పుడు ఏదో ఒకటి అని ఏడిపిస్తాడు, తను పడీ పడీ నవ్వాలి అని కాచుకున్నాడు. చివరికి ఆగలేక తనే అందించాడు. "బంగారం చెవులు కదరా, అరిగిపోతాయని దాచుకున్నాను."

"అలా అనకండి బావగారూ. వయసొచ్చాక అందరికీ ఉండేదే" అన్నాడు వాడు, మర్యాదగా. "అవన్నీ నేను అప్పుడే మర్చిపోయాను. మీరు మనసులో పెట్టుకోకండి."

నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది మేస్త్రికి.

ఆ మాటకే వచ్చినట్టు రొయ్య గొట్టంలోంచి బయటికి వచ్చింది. కొత్త రంగులతో నిగనిగలాడుతూ ఇసక మీద అటూ ఇటూ తిరిగి, కళ్ళు రెండూ తిప్పి గదినంతా చూసింది. వాడు లేచి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు చూశాడు. "చాలా బాగుందండి. మీరు బాగా పెంచారు" అన్నాడు. మళ్ళీ వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. రొయ్య గొట్టంలోకి పోయింది.

టీ తాగారు. వ్యాను గురించీ, బంకు వెనక గది అద్దె గురించీ అక్క అడిగితే చెప్పాడు. వెనక గదిలో మంచం అలాగే ఉంది, దుప్పటి మార్చాం అన్నాడు మేస్త్రి. "అక్కడైతే వ్యాను పెట్టుకోవడానికి వీలుగా ఉందండీ" అన్నాడు వాడు. పల్లీలు రెండు తీసుకున్నాడు, పెట్టినందుకు తినాలి కాబట్టి. వెళ్ళొస్తానని లేవబోతూ, ఒక్క క్షణం వాడి తల చటుక్కున ట్యాంకు వైపు తిరిగింది. మళ్ళీ మామూలుగా అయిపోయింది. మేస్త్రి ఆ తిరగడం చూశాడు. కళ్ళకేం, కళ్ళు బాగానే ఉన్నాయి.

"ఏమిట్రా? కొట్టిందా? ఏం చేస్తున్నాడు వడ్రంగి?" అని ఆత్రంగా ముందుకు వంగాడు.

వాడు చెప్పులు తొడుక్కుంటూ ఆగి, మేస్త్రి ముఖంలోకి చూసి, గట్టిగా, స్పష్టంగా అన్నాడు.

"ఏం లేదండీ."

వ్యాను సందు మలుపు తిరిగేదాకా మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి వచ్చేసరికి భార్య టీ గ్లాసులు తీస్తోంది. ఆయన ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి అడిగాడు.

"కొట్టిందా?"

"కొట్టింది. రెండుసార్లు."

"మరి వాడు నాకు చెప్పలేదే?"

ఆవిడ గ్లాసులు కింద పెట్టి, ఆయనకి వినబడేట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"చెప్పడండీ. వాడింక మీకు ఏదీ చెప్పడు."